స్టాంపు మీద అమ్మ వేలు

"ముందు ఈ ప్రోనోట్లకి ఇస్త్రీ చెయ్యి. నా చొక్కాలు తర్వాత చూడొచ్చు" అన్నాడు ఆయన, ఆదివారం పొద్దున పేపర్లోంచి తల ఎత్తకుండానే.

ఇస్త్రీ అంటే నిజంగా ఇస్త్రీయే. ఎవరి తాతల కాలంలోనో రాసుకున్న ప్రామిసరీ నోటుని రెండు అద్దుడు కాగితాల మధ్య పెట్టి, పైన మెత్తటి పాత దుప్పటి ముక్క పరిచి, చెంపకి ఆనించుకుంటే గోరువెచ్చగా తగిలేంత వేడిలో ఇస్త్రీపెట్టెని పైపైన పోనివ్వాలి. వేడి ఒక్క పిసరు ఎక్కువైతే కాగితం పెళుసెక్కి చేతిలోనే విరుగుతుంది. తక్కువైతే ఆ మడత నువ్వు నన్నేం చేస్తావన్నట్టు అలాగే ఉండిపోతుంది. ఆ వేడి ఎంతో ఆయనకి తెలియదు. ఆమె చేతికి తెలుసు. చొక్కాల సంగతీ అంతే అనుకోండి. కాకపోతే చొక్కాల గురించి, ఆయన వెళ్లే స్టాంపుల క్లబ్బులో ఎవరూ ఉపన్యాసాలు ఇవ్వరు.

ఆయన గోడౌన్ల కంపెనీలో లెక్కల ఆఫీసరు. తెలిసినవాళ్లంతా 'స్టాంపుల మాస్టారు' అంటారు. ఉత్తరాల స్టాంపులనుకునేరు, అలా అంటే ఆయనకి కోపం వస్తుంది. ఆయనవి రెవెన్యూ స్టాంపులు. అప్పు పత్రాలు, వ్యాపారులు రాసుకునే హుండీ కాగితాలు, ఎప్పుడో మూతబడ్డ కంపెనీల వాటా పత్రాలు, జీతాల రశీదులు, ఏదైనా సరే, పాతదై ఉండాలి, దాని మీద స్టాంపు ఉండాలి. ఇంటికి ఎవరైనా వస్తే కాఫీ రాకముందే మొదలుపెడతాడు. "సంతకం స్టాంపు మీద సగం, కాగితం మీద సగం పడాలి. ఎందుకో తెలుసా? స్టాంపు ఊడదీసి ఇంకో కాగితానికి అతికించకుండా. ఆ రెండిటినీ కలిపి కుట్టేది సంతకమే." ఆ 'కుట్టేది' అన్న మాట ఆమెది. ఎప్పుడో ఒక చిరుగు అతికిస్తూ అంది. ఆయనకి నచ్చి ఉంచేసుకున్నాడు.

ఇంట్లో గాలి ఆడే గది కాగితాలది. గాలి ఉండాలి గానీ వెలుతురు తగలకూడదు, రంగులు వెలిసిపోతాయి. అందుకని ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పెద్ద కిటికీకి ఎప్పుడూ మందపాటి కర్టెన్లు వేలాడుతూ ఉంటాయి. రెండో గది అత్తయ్యది. మొగుడూ పెళ్లాల మంచం హాల్లో ఒక మూల. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆమె ఆ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవాలని ఎంత ఆశపడిందో. "కూర్చో, ఎవరొద్దన్నారు, కర్టెన్ మాత్రం తీయకు" అన్నాడు ఆయన. చీకట్లో కిటికీ పక్కన కూర్చుని ఏం చేస్తారు? తుప్పు పట్టిన గుండుసూదులు తీసింది. పురుగు తిన్న అంచుల్ని మెత్తటి కుంచెతో దులిపింది. మైదా జిగురు కాచి, పల్చటి కాగితం పీలికలతో చిరుగులు అతికించింది. ఒక్కో పత్రం కింద దాని వివరం గుండ్రటి అక్షరాలతో రాసింది. అలా రాస్తూ అతికిస్తూ కూతుర్ని కంది, పెంచింది, ఉద్యోగానికి పంపింది. ఇప్పుడా పిల్ల ఫోన్ చేసి "ఏం చేస్తున్నావమ్మా?" అంటే "ఏముంది, నాన్నగారి కాగితాలు" అంటుంది. "ఇంకానా!" అంటుంది పిల్ల. ఆ 'ఇంకానా'లో జాలి ఎంతో విసుగు ఎంతో ఆమె ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇంటి పని చాలదన్నట్టు ఆమెకి ఉద్యోగమూ అలాంటిదే దొరికింది. బడి లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు బాగుచెయ్యడం, పిల్లలకి ఇవ్వడం, తీసుకోవడం. "మీకేమమ్మా, నీడపట్టున కూర్చుని జీతం తీసుకుంటారు" అంటుంది హెడ్‌మిస్ట్రెస్, ఎప్పుడు ఎదురుపడినా నవ్వుతూనే. ఇంట్లో ఆయన కూడా నవ్వుతూనే చెబుతాడు వచ్చినవాళ్లకి, "మా ఆవిడ కూడా కాస్త సాయం చేస్తుందిలెండి" అని. ఆ 'కాస్త' ఎంతో ఒకసారి క్లబ్బు పత్రికలో అచ్చయింది. పాత పత్రాలను కాపాడుకునే పద్ధతుల మీద ఆయన ఒక వ్యాసం రాశాడు. నేను ఇలా చదును చేస్తాను, నేను జిగురు ఇలా కాస్తాను, నేను పురుగు పట్టకుండా ఇలా చూసుకుంటాను అంటూ పేజీలకు పేజీలు. దాన్ని పత్రికకి పంపేముందు శుభ్రంగా తిరగరాసి ఇచ్చింది ఆమే. ఆ 'నేను'లన్నీ ఆమె చేతి రాతే. రాస్తున్నంతసేపూ ఏమీ అనిపించలేదు. పత్రిక వచ్చి, ఆయన గట్టిగా చదివి వినిపించి, "ఎలా ఉంది?" అని అడిగినప్పుడు మాత్రం అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. "బాగుంది" అని లేచి వంటింట్లోకి వెళ్లింది.

ఇన్ని కాగితాల మధ్య ఆమెకీ ఒక ఫైలు ఉంది. అది ఆయన పడేసిన కాగితాలతోనే తయారైంది. పాత కాగితాల మూటలు కొన్నప్పుడు ఆయన చూసేది స్టాంపు రంగు, అచ్చు, ఎవరి సంతకం అన్నదీ. పేరున్న వ్యాపారి సంతకం ఉంటే పండగే. వేలిముద్ర ఉంటే పెదవి విరిచేవాడు. "మచ్చ పడింది, పారెయ్" అనేవాడు. పారెయ్యబోయి ఒకరోజు ఆమె ఆ మచ్చని చూసింది. కుట్టుమిషను అమ్ముకుని, దాని ధర ముట్టిందని ఒకావిడ వేసిన వేలు అది. ఆ బొటనవేలి గీతల మీద అడ్డంగా సన్నటి తెల్లటి గీత. కత్తి తెగిన మచ్చ. తన వేలు తిప్పి చూసుకుంది. కూరగాయలు తరిగే ప్రతి ఆడదాని వేలి మీదా ఉండేదే, తన వేలి మీదా ఉంది. ఎప్పటి మనిషో, ఏ ఊరో తెలియదు గానీ ఆవిడ పక్కింట్లోంచి పిలిచినట్టయింది. "ఇవి నేను దాచుకోనా?" అని అడిగింది. "దాచుకో, నీకూ ఒక సరదా ఉండాలిగా" అన్నాడాయన ఉదారంగా. అప్పటి నుంచి మేకలమ్మినావిడ, ఎవరి బిడ్డకో పాలిచ్చి పెంచిన జీతం అందుకున్నావిడ, మొగుడి బాకీకి జామీను పడ్డావిడ ఒక్కొక్కరే ఆ ఫైల్లోకి వచ్చి చేరారు. పేరు చోట చాలామందికి 'ఫలానావారి భార్య' అనే ఉండేది. ఆ ముద్ర ఒక్కటే అచ్చంగా వాళ్లది. మధ్యాహ్నాలు ఇల్లు సద్దుమణిగాక ఆమె ఆ ఫైలు తెరిచి, ప్లాస్టిక్ కవరు పైనుంచే తన వేలు వాళ్ల వేళ్ల మీద ఆనించి చూసుకునేది. నవ్వుకోవలసిన పనే. ఆమె కూడా నవ్వుకునేది. కానీ మానేది కాదు.

ఆ ఫైల్లో అన్నిటికన్నా పైన ఉండేది అమ్మ.

అమ్మ నూలు మిల్లులో పనిచేసేది. అమ్మకి చదువు రాదని మిల్లులో అందరికీ తెలుసు. అది అబద్ధమని, అప్పటికి చిన్నపిల్ల అయిన తనకి ఒక్కదానికే తెలుసు. ఐదో తరగతి చదువుతున్న కూతురు పలక ముందేసుకుని కూర్చుంటే, అమ్మ అంట్లు తోమిన తడి చేతులు తుడుచుకుని వచ్చి పక్కన చతికిలబడి, "నా పేరు ఎట్లా ఉంటుందో చూపించవే" అంది. చూపించింది. అమ్మకి రావడానికి చాలా రోజులు పట్టింది. మొదటి అక్షరం గుమ్మడికాయంత రాసేది. తర్వాతవి భయపడి చిన్నవైపోయేవి. చివరి అక్షరానికి పలకలో చోటు చాలేది కాదు, అది పలక చట్రం మీదికి ఎక్కేది. "చిన్నగా మొదలుపెట్టమ్మా" అంటే, "మొదటిదన్నా పెద్దగా రాసుకోనీవే" అనేది. మిల్లు మూసేసేటప్పుడు అందరికీ లెక్క తేల్చి ఇస్తున్నారని తెలిసి, అమ్మ తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, పలక మీద పేరు రెండుసార్లు రాసి చూసుకుని మరీ వెళ్లింది.

తిరిగొచ్చి గుమ్మంలోనే కూర్చుంది. "సంతకం పెట్టావా?" అని ఎదురెళ్లింది పిల్ల. అమ్మ బొటనవేలు చూపించింది. ఊదా రంగు ఇంకా ఆరలేదు. "కలం ఇవ్వండయ్యా, నాకు సంతకం వచ్చు అన్నానే. 'వేలెయ్యమ్మా, నీ సంతకం అయ్యేసరికి మేం రిటైరవుతాం' అన్నాడా గుమాస్తా. వెనక లైన్లో అందరూ నవ్వారే." వేలు కొంగుకి తుడుచుకుంటూ, "నేనూ నవ్వాను" అంది అమ్మ. ఆ మాట అన్నప్పుడు అమ్మ ముఖం ఎలా ఉందో ఆమెకి ఇప్పటికీ కళ్లకి కట్టినట్టు కనబడుతుంది. ఆ తర్వాత అమ్మ మళ్లీ పలక ముట్టుకోలేదు. ఎవరు ఎక్కడ వెయ్యమంటే అక్కడ వేలు వేస్తూనే బతికి, పోయింది. అమ్మకి ఫోటో కూడా సరైంది లేదు. ఎవరి పెళ్లిలోనో తీసినదాంట్లో వెనక వరసలో నిలబడి, సరిగ్గా ఆ క్షణానికి ఎవరో పిలిస్తే అటు తిరిగింది.

అందుకే, మిల్లు ఆఫీసు కాగితాలు తూకానికి అమ్మేస్తున్నారని తమ్ముడు ఫోన్ చేసి "బావగారికి పనికొస్తాయేమో అక్కా" అన్నప్పుడు ఆమె ఫోన్ పెట్టెయ్యకుండానే ఆయన్ని కేకేసింది. ఆయన మూటలన్నీ కొన్నాడు, స్టాంపుల కోసం. ఆమె విప్పింది, అమ్మ కోసం. బడి నుంచి రాగానే చేతులు కడుక్కుని ఆ దుమ్ములో కూర్చునేది. "ఆ కాగితాల మీద ఉన్న శ్రద్ధ వంట మీద ఉంటే బాగుండును" అని అత్తయ్య రోజూ అనేది. వాన పడుతున్న ఒక సాయంత్రం దొరికింది. అమ్మ పేరు, గుమాస్తా రాత. కింద స్టాంపు. స్టాంపు మీద అమ్మ బొటనవేలు, దాని అంచు స్టాంపు దాటి కాగితం మీదికి జారి చెరిగిపోయి ఉంది. నవ్వు వినబడి గబుక్కున వేలు లాక్కుందన్నమాట. ఆమె ఆ కాగితం పట్టుకుని పరుగున ఆయన దగ్గరికి వెళ్లి "చూడండి, మా అమ్మ" అంది. ఆయన భూతద్దం తీసి చూశాడు. "అరె, ఈ షేడు చూశావా! ముదురు రంగు" అన్నాడు. ఆ మాట అప్పుడు ఆమె పట్టించుకోలేదు. సంతోషంలో ఉన్న మనిషి ఏ మాటని పట్టించుకుంటుంది?

పట్టించుకోవలసింది. ఈ ఏడాది స్టాంపుల ప్రదర్శన దగ్గరపడుతుండగా క్లబ్బు సెక్రెటరీ గారు ఫోన్ చేసి, మిల్లు రశీదుల మీది ఆ ముదురు రంగు స్టాంపు కొద్ది నెలలే అచ్చయిందని తేలిందనీ, ఒక పేజీ నిండా వరసగా పెట్టగలిగితే బహుమతి ఖాయమనీ చెప్పారు. ఆయన తన దగ్గరున్నవి పేర్చి చూసుకున్నాడు. పేజీ నిండలేదు. అప్పుడాయనకి భార్య 'సరదా' గుర్తొచ్చింది.

ఆమె బడి నుంచి వచ్చేసరికి వంటింట్లో చొక్కా చేతులు మడుచుకుని నిలబడి ఉన్నాడు. ఆ ఇంట్లో ఆయన వంటింట్లో నిలబడటమే ఒక వింత. గట్టు మీద బియ్యం కడిగే గిన్నె. గిన్నెలో నీళ్లు. నీళ్లలో చిన్న చిన్న స్టాంపులు తేలుతున్నాయి.

"వచ్చావా? నువ్వొచ్చేలోపు నేనే చేసేద్దామనుకున్నా. పాపం, నీకు పని తగ్గిద్దామని" అన్నాడు.

ఆమె గిన్నెలోకి చూసింది. నీళ్లు లేత ఊదా రంగులో ఉన్నాయి. పక్కన కత్తెర. కత్తెర పక్కన ఆమె ఫైలు, తెరిచి ఉంది. కుట్టుమిషనమ్మినావిడ కాగితంలో, మేకలావిడ కాగితంలో, అన్నిటిలోనూ నలుచదరంగా కిటికీలు.

"నీళ్లలో వేశారా?"

"మరి? నువ్వు చేసేదీ అదేగా. నీళ్లు తగిలితే ఊడొస్తాయి. వేలి మరకల కింద ఏది ముదురు రంగో తెలియట్లేదని అన్నీ వేసేశాను."

ఆమె చేసేది అది కాదు. ఆమె ముందు అగ్గిపుల్ల చివర తడిపి, సిరా మూల మీద తాకించి, రంగు కదులుతుందో లేదో చూస్తుంది. కదిలితే ఇక నీళ్ల జోలికే పోదు. కదలకపోతే, తడిపిన అద్దుడు కాగితం మీద స్టాంపుని వెల్లకిలా పడుకోబెట్టి, జిగురు తనంతట తను వదిలేదాకా కూర్చుంటుంది. ఇన్నేళ్లు అదే గదిలో, అదే బల్ల దగ్గర, ఆయన పక్కనే చేసింది. ఆయన ఒక్కసారైనా అటు చూసి ఉంటే ఆ నీళ్లు ఊదా రంగు అయ్యేవి కావు. ఆ పద్ధతి గురించి వ్యాసం మాత్రం రాశాడు.

"ఇందులో మా అమ్మది కూడా వేశారా?"

ఆయన ముఖంలో ఒక్క క్షణం తడబాటు కనిపించింది. కనిపించలేదని అంటే అబద్ధమే అవుతుంది. కానీ వెంటనే ట్వీజర్స్‌తో ఒక స్టాంపు పైకి తీసి, వెలుతురుకి పెట్టి, "చూడు, మరక మొత్తం పోయింది. కొత్తదానిలా లేదూ?" అన్నాడు.

ఆమె ఆ స్టాంపుని చూసింది. ఏడుపు రాలేదు. అది అమ్మదో, మేకలావిడదో, పాలిచ్చినావిడదో కూడా తెలియదు. అన్నీ ఒక్కలాగే శుభ్రంగా ఉన్నాయి. ఇప్పుడు వాళ్లెవరూ ఎక్కడా వేలు వెయ్యలేదు.

"అంత ముఖం పెడతావేం? ఎంత చేస్తుందో చెప్పు, ఇచ్చేస్తాను" అన్నాడు. ఆమె పలకకపోయేసరికి, "మీ అమ్మది ఉందని ముందే గుర్తుచెయ్యొచ్చుగా" అన్నాడు. అప్పటికీ పలకకపోయేసరికి కోపం వచ్చింది. "నీ మంచికి పోతే ఇదీ వరస" అని చేతులు తుడుచుకుని, తువ్వాలు అక్కడే పడేసి హాల్లోకి వెళ్లిపోయాడు.

"అమ్మాయ్, ఆ గిన్నె ఖాళీ చేస్తే బియ్యం కడగాలి" అని లోపలి నుంచి అత్తయ్య కేకేసింది.

ఆమె స్టాంపులు తీసి అద్దుడు కాగితం మీద ఆరబెట్టింది. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. తర్వాత గిన్నె ఎత్తి పట్టుకుని నిలబడింది. ఆ నీళ్లు ఎక్కడ పొయ్యాలి? సింకులో పొయ్యడానికి చెయ్యి రాలేదు. గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్లింది, తిరిగి గుమ్మం దాకా వచ్చింది, మళ్లీ వెళ్లింది. చివరికి ఎవరూ తొక్కని చోటు చూసి, గోడ వారన, మెల్లగా వంచింది. మట్టి పీల్చేసుకుంది. గిన్నె తోమి, బియ్యం కడిగి, పొయ్యి మీద పెట్టింది. అన్నం ఉడుకుతుంటే అప్పుడొచ్చింది ఏడుపు. ఉల్లిపాయలు ముందుకి లాక్కుని తరగడం మొదలుపెట్టింది. ఆడవాళ్లకి ఉల్లిపాయలు చేసినంత మేలు ఇంకెవరూ చెయ్యలేదు.

తర్వాత తెలిసింది, ఆ కడిగిన స్టాంపులు పేజీకి కూడా ఎక్కలేదని. ఆయన వాటిని సెక్రెటరీ గారికి చూపిస్తే ఆయన తల అడ్డంగా ఊపారట. వాడిన గుర్తు లేదు, వెనక జిగురూ లేదు, కడిగినట్టు ఇట్టే తెలిసిపోతోంది, న్యాయనిర్ణేతలు ఒప్పుకోరు అన్నారట. "అనవసరపు శ్రమ" అని ఆయన ఇంటికొచ్చి విసుక్కుని, ఆ కవరు ఆమె ముందు పడేశాడు. "పనికిరావు. తీసెయ్." ఆ రాత్రి భోజనాల దగ్గర పచ్చడి మీద పేచీ పెట్టాడు కూడా. ఎవరికీ అక్కర్లేని దాని కోసం అమ్మ పోయింది. బహుమతి కోసం పోయిందన్నా కాస్త మనసుకి సర్దిచెప్పుకునేదేమో.

ఆమె కవరు తీసి, కిటికీలు పడిన కాగితాలతో పాటు పెట్టుకుంది. అమ్మ కాగితంలో కత్తెర వదిలేసిన తోక ఒకటి మిగిలింది. వేలు లాక్కున్నప్పుడు జారిన ఆ చెరుపు, ఖాళీ అంచున ఊదా రంగులో. అత్తయ్య ఒక మధ్యాహ్నం వచ్చి పక్కన కూర్చుంది. "ఇంత కాగితానికి ఇన్నాళ్లు ముఖం వేలాడేసుకుంటారా అమ్మాయ్?" అని మొదలుపెట్టి, ఆ కాగితం చేతిలోకి తీసుకుని చూస్తూ చూస్తూ మెత్తబడింది. "నేనూ వేసేదాన్ని. మీ మావయ్య వేలు పట్టుకుని ఎక్కడ నొక్కితే అక్కడ. దేనికి వేశానో, ఏం పోగొట్టుకున్నానో నాకేం తెలుసు? ఎక్కడెక్కడ పడున్నాయో నా వేళ్లు" అంది. ఇన్నేళ్ల కాపురంలో అత్తయ్య ఆమెతో అన్న మొదటి సొంత మాట అది. మరుక్షణమే "కాఫీ పెట్టు, తల నొప్పిగా ఉంది" అని లేచిపోయింది.

ప్రదర్శన వారంలోకి వచ్చింది. పేజీల కింద వివరాలు రాయాలి. రాయనని చెబుదామనుకుంది. చెప్పలేదు. చెబితే వచ్చే గొడవ, అత్తయ్య మాటలు, కూతురి ఫోను, అన్నీ ముందే వినబడ్డాయి. రాసింది. ప్రతి పేజీ చివర చుక్క పెడుతూ, ఇదే ఆఖరుది, ఇదే ఆఖరుది అనుకుంది. నోటితో అనలేదు కాబట్టి ఎవరూ వినలేదు. తన ఫైలు మాత్రం సంచిలో పెట్టి బడికి తీసుకెళ్లి లైబ్రరీ బీరువాలో, చిరిగిన పుస్తకాల అరలో పెట్టుకుంది.

ప్రదర్శన రోజు హాలు కిటకిటలాడింది. గోడల వెంట అద్దాల చట్రాలు, వాటి ముందు భూతద్దాలతో వంగిన నడుములు. ఆయన చట్రానికి రెండో బహుమతి వచ్చింది. పేరు చదవగానే చప్పట్లు. ఆయన వేదికెక్కాడు, శాలువా కప్పించుకున్నాడు, మైకు పట్టుకుని "ఇది ఒంటరి తపస్సు" అన్నాడు. ఆమె మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. కిందికి దిగాక ఫోటోలవాళ్లు చుట్టుముట్టారు. ఆ గుంపులోంచి ఆమెకి కళ్లతోనే సైగ చేసి, "బహుమతి కవరు అక్కడ బల్ల దగ్గర ఇస్తున్నారు, నువ్వెళ్లి సంతకం పెట్టి తీసుకో. లైను పెద్దగా ఉంది" అన్నాడు. లైనంటే ఆమెదే.

నిలబడింది. బల్ల వెనక సెక్రెటరీ గారు కూర్చుని ఒక్కొక్కరి చేతా రశీదు మీద సంతకం పెట్టిస్తున్నారు. స్టాంపుల క్లబ్బు కదా మరి, రశీదు మీద స్టాంపు అంటించి, పాత పద్ధతిలోనే. ఆమె వంతు వచ్చింది.

"రండమ్మా రండి. మాస్టారి పేజీలకి ఆ ముత్యాల్లాంటి అక్షరాలే సగం అందం" అన్నారాయన నవ్వుతూ, కలం అందిస్తూ. "ఇదుగో, స్టాంపు మీదుగా రావాలి. మీకు నేను చెప్పాలా!"

ఆమె స్టాంపుని చూసింది. కొత్తది. శుభ్రంగా ఉంది. ఏ మరకా లేదు. కొత్తదానిలా లేదూ, అన్న మాట చెవిలో పడింది. వెంటనే, పలక చట్రం మీద సుద్దముక్క గీరిన చప్పుడు వినబడింది. ఆమె కలాన్ని కుడి చేతిలోంచి ఎడమ చేతిలోకి మార్చుకుంది. కుడి చెయ్యి ముత్యాల్లా తప్ప రాయలేదు మరి.

మొదటి అక్షరం పెద్దగా రాసింది. గుమ్మడికాయంత. స్టాంపు సగం అదే ఆక్రమించింది. రెండోది వణికింది. మూడో అక్షరం దగ్గర కలం ఆగింది, అమ్మ ఎక్కడ ఆగి తల ఎత్తి చూసేదో అక్కడే. ఆమె తొందరపడలేదు.

"సంతకమా అండీ, ఉత్తరమా?" అన్నారెవరో వెనకనుంచి. లైన్లో నవ్వులు.

సెక్రెటరీ గారు కూడా నవ్వారు. "కాస్త త్వరగా కానివ్వండమ్మా, మీ సంతకం అయ్యేసరికి వచ్చే ఏటి ప్రదర్శన వచ్చేసేలా ఉంది" అన్నారు.

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

భుజాన శాలువాతో ఆయన జనాన్ని తప్పించుకుంటూ వచ్చాడు. "ఏంటి ఇంతసేపు?" అంటూ ఆమె భుజం మీదుగా వంగి చూశాడు. వంకర టింకర అక్షరాలు చూసి, ఆ ఎడమ చెయ్యి చూసి, నొసలు ముడిచాడు. "ఏం రాస్తున్నావు? ఎవరి పేరది? నీకేమన్నా పిచ్చా? అంతమంది నిలబడి ఉన్నారు, ఇలా ఇవ్వు, నేను పెడతాను" అని కలం కోసం చెయ్యి చాచాడు.

ఆమె తల ఎత్తలేదు. చివరి అక్షరానికి స్టాంపు మీద చోటు చాలలేదు. అది అంచు దాటి, కాగితం మీదికి ఎక్కుతోంది.

"ఆగండి" అంది. "మా అమ్మ సంతకం పెడుతోంది."